జట్ల సంఖ్య పెరిగిన న్యాయము పెరుగునా?

ఒక పోటీ తుదిఘట్టమునకు ఎన్ని జట్లను రానీయవలెను? నాలుగా, పన్నెండా, నలువది యెనిమిదా? క్రీడాలోకమున నేడు దేశదేశములందు జరుగుచున్న చర్చ యిది. పైకి ఇది ఆటల లెక్కగా కన్పట్టును. కాని అవకాశమును ఎవరికి, ఎందరికి, ఏ ప్రమాణమున పంచవలెనను ప్రశ్న దీనియందు ఇమిడియున్నది. తరగతిలో నలువదిమంది యుండగా పోటీకి నలుగురినే పంపవలసి వచ్చిన ఉపాధ్యాయునకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

ఈ వాదము మిక్కిలి తీవ్రముగా సాగుచున్నది అమెరికాలోని కళాశాలల ఫుట్‌బాల్ విషయమున. అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేతబట్టి పరుగిడు వేరొక ఆట. 2014 నుండి అక్కడ ఒక ఎంపిక సంఘము నాలుగు జట్లను ఏర్చి తుదిపోటీకి పంపుచుండెను. 2023లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు తానాడిన పదమూడు ఆటలను గెలిచియు ఆ నాలుగింటిలో చోటు పొందలేకపోయినది. గుడిలో దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత అక్కడ అక్షరాల నిజమైనది. 2024లో జట్ల సంఖ్యను 12కు పెంచిరి. ఆ యేడు సంఘము పట్టికలో ఆరవ స్థానమున నిలిచిన ఒహైయో స్టేట్ జట్టు, 2025 జనవరిలో జరిగిన తుది ఆటలో నోటర్ డేమ్ జట్టును 34–23 తేడాతో ఓడించి విజేత యైనది. పాత పద్ధతియే కొనసాగియుండినచో ఆ విజేత గుమ్మము లోపలికే వచ్చియుండెడిది కాదు.

విస్తరణమును కోరువారికి ఇంతకంటె బలమైన సాక్ష్యము అక్కరలేదు. ఎన్నుకొనువారి కన్ను పొరపడవచ్చును. ఆటస్థలమున తేలిన తీర్పు పొరపడుట అరుదు. కాని రెండవ పక్షమును వినవలసియున్నది. అదే యేడు మొదటి దశలో జరిగిన నాలుగు ఆటలును పది పాయింట్లకు తగ్గని తేడాతో ముగిసినవి. క్రొత్తగా లోనికి వచ్చిన జట్లన్నియు సమఉజ్జీలు కావని దీనివలన తేలినది. పైగా ఆడువారు విద్యార్థులు. ఆటలు పెరిగినకొలది గాయములు పెరుగును, చదువునకు మిగులు దినములు తరుగును. అయినను, 16 చాలదు 24 కావలెనను మాటలు అక్కడ వినబడుచునే యున్నవి. ప్రతి క్రొత్త ఆటకును టెలివిజన్ ప్రసారపు ఆదాయము తోడగుట ఈ తొందరకు ఒక కారణమని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక మనమెరిగిన ఫుట్‌బాల్‌ను చూతము. ప్రపంచ కప్పు 1930లో 13 జట్లతో ఆరంభమైనది. 1982లో 24, 1998లో 32 జట్లకు పెరిగి, 2026 పోటీకి 48 చేరినది. ఆటలు 64 నుండి 104 అయినవి. ఈ విస్తరణమువలన లాభపడిన దేశములలో కురసావ్ ఒకటి. ఆ దీవి జనాభా లక్షన్నర మాత్రమే. 2011 జనగణన ప్రకారము మన సూర్యాపేట జిల్లా జనాభా సుమారు పదకొండు లక్షలు. అందులో ఏడవవంతు కూడ లేని దేశము ప్రపంచ కప్పునకు అర్హత సంపాదించినది. అయితే ఆ జట్టులో పెక్కురు నెదర్లాండ్స్‌లో పుట్టి, అక్కడి శిక్షణలో ఎదిగినవారు. అనగా వాకిలి వెడల్పగుట ఒక్కటే వారిని లోనికి తేలేదు. వాకిటిదాక నడిపించిన బాట వేరొకటి యుండెను.

మన దేశముమాట యేమి? ఆసియా ఖండమునకు నేరుగా లభించు స్థానములు నాలుగు నుండి ఎనిమిదికి పెరిగినవి. అయినను 2024 జూన్‌లో ఖతార్ చేతిలో 1–2 తేడాతో ఓడి మన జట్టు అర్హత పోటీల రెండవ దశలోనే వెనుదిరిగినది. ఆసియా కప్పును 2019లో 16 నుండి 24 జట్లకు పెంచిరి. 2027 పోటీకి ఆ 24లో కూడ మనకు చోటు దక్కలేదు. ఇక వాకిలి ఇరుకని వాదించినచో, ఆడలేక మద్దెల ఓడన్నట్లే యగును.

ఒకప్పుడు ఈ ఆటలో హైదరాబాదు పేరు దేశమంతట మారుమ్రోగినది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొనినది. సంతోష్ ట్రోఫీని 1956–57లోను, 1957–58లోను హైదరాబాదును, 1965–66లో ఆంధ్రప్రదేశ్‌ను సాధించినవి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును మన దేశమునకు సమకూర్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదువాడు; వృత్తిచేత బడిపంతులు. ఈ సంగతి మన ఉపాధ్యాయ లోకము గర్వముతో గుర్తుంచుకొనదగినది.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుదిఘట్టము హైదరాబాదులో జరిగినది. అందు పాల్గొన్నవి పన్నెండు జట్లు. తొమ్మిది తమతమ విభాగములలో గెలిచి వచ్చినవి; రెండు అంతకుముందటి యేడు తుది ఆట ఆడినవి; మిగిలిన ఒక్కటి, అనగా తెలంగాణము, ఆతిథ్యమిచ్చిన హక్కుతో ప్రవేశించినది. ఆతిథేయులకు పీట వేయుట లోకమర్యాదయే. ఇందు తప్పు లేదు. కాని ఒకనాడు గెలిచి కూర్చున్న పంక్తిలో నేడు మర్యాదకొలది కూర్చుండవలసి వచ్చుట ఆలోచింపదగిన విషయము.

అందరికిని ఒకే పంక్తి వేయుటకును, కొందరికి తలుపు మూయుటకును నడుమ మూడవ మార్గము లేదా? ఉన్నది. క్రికెట్‌లో రంజీ ట్రోఫీని చూడుడు. 2018–19లో బీహారు, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి, ఈశాన్య రాష్ట్రములు ఆరు, మొత్తము తొమ్మిది జట్లను ఒక్కసారిగా చేర్చుకొనిరి. వాటిని అగ్రశ్రేణి జట్లతో కలిపివేయక, ప్లేటు విభాగమున వేరుగ ఆడించిరి. అందు మొదటిదైన ఉత్తరాఖండ్ ఆ యేడే క్వార్టర్ ఫైనల్ ఆడినది. ఈ మెట్లు ఎక్కుటకే కాదు, దిగుటకును గలవు. 1937–38లోను, 1986–87లోను రంజీ విజేతయైన హైదరాబాదు, 2022–23లో అగ్రశ్రేణినుండి జారి ప్లేటు విభాగమున పడినది. మరుసటి యేడే మేఘాలయను తుది ఆటలో ఓడించి తిరిగి పైకి వచ్చినది. పూర్వవైభవము ఎవరికిని పీట కాపాడలేదు. క్రొత్తదనము ఎవరికిని తలుపు మూయలేదు. విస్తరణమునకు ఇది సరియైన రూపము.

ఈ విషయమును మన చివ్వెంల మండలమునకు అన్వయింతము. తెలంగాణ ప్రభుత్వము జరిపిన ముఖ్యమంత్రి కప్పు పోటీలు 2023లో మండలస్థాయినుండి మొదలైనవి. 2024లో గ్రామపంచాయతినుండి మొదలైనవి. ఇది పైమెట్టున కాక అడుగుమెట్టున జరిగిన విస్తరణము; ఎంతయు మెచ్చదగినది. కాని గ్రామమున ఒక్క ఆట ఓడిన బాలిక ఆ యేటికి ఇంటికి పోవలసినదే యైనచో, ఆమెకు దక్కినది అవకాశము కాదు, అవకాశపు దర్శనము మాత్రమే.

లెక్క చూడుడు. పదునారు జట్లను నాకౌటు పద్ధతిన ఆడించినచో పదునైదు ఆటలతో ముగియును; ఎనిమిది జట్లు ఒక్క ఆటతో ఇంటిదారి పట్టును. వానినే నాలుగేసి చొప్పున నాలుగు విభాగములు చేసి, విభాగములో అందరితో అందరిని ఆడించి, పిమ్మట నలుగురు విజేతలకు సెమీ ఫైనల్, ఫైనల్ ఏర్పరచినచో ఇరువదియేడు ఆటలగును; ప్రతి జట్టునకును మూడేసి ఆటలైనను దక్కును. అదనమగు పండ్రెండు ఆటలను సెలవుదినపు సాయంకాలములందు జరుపవచ్చును. జట్ల సంఖ్య పెంచకయే అవకాశమును పెంచు ఉపాయమిది.

విస్తరణమునకు తగిన ఏర్పాటు కూడ ఉండవలెను. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల వేళ తాత్కాలికముగ కట్టిన ప్రేక్షకుల గ్యాలరీ కూలి నూరుమందికి పైగా గాయపడిరి. ఆటపై మన జనమునకు గల మక్కువకు ఆ జనసమ్మర్దమే సాక్షి. మక్కువకు తగిన జాగ్రత్త లేనిచో ఏమగునో చెప్పుటకు ఆ కూలిన బల్లలే సాక్షి.

కావున జట్ల సంఖ్యను పెంచుట స్వయముగా మంచియు కాదు, చెడ్డయు కాదు. ఎంపిక నియమములు పోటీకి ముందే ప్రకటింపబడవలెను. స్థానము ఆటవలన రావలెను గాని సంఘముల దయవలన కాదు. ఎక్కుటకు, దిగుటకు మెట్లు ఉండవలెను. విద్యార్థుల పోటీ యైనచో పరీక్షల పట్టికను ముందుంచుకొని ఆటల పట్టికను వ్రాయవలెను. వీనియన్నిటికి మూలము పల్లెబడిలో ఒక మైదానము, ఒక వ్యాయామోపాధ్యాయుడు, ఏడాది పొడవున ఆట. ఇవి లేనిచోట తుదిపంక్తిలో ఎన్ని పీటలు వేసినను మన పిల్లలకు వడ్డన చేరదు.