మందు కంటె ముందు మంచినీరు

బీదరు పట్టణమునకు నీటి విషయమున ఘనమైన పూర్వచరిత్ర కలదు. 15వ శతాబ్దమున బహమనీ సుల్తానులు రాజధానిని ఇచ్చటికి మార్చిన పిమ్మట పారసీక పద్ధతిని భూగర్భమున సొరంగపు కాలువలు త్రవ్వించిరి. నౌబాదు వద్దనున్న కరేజు, అనగా సురంగబావి, అట్టిదే. వాననీరు ఇక్కడి ఎర్రరాతి పొరలలోని సందుల గుండ ఇంకి, అడుగున నల్లరాతిపై నిలిచి ఊటగా వెలువడును. ఆనాటివారి నేర్పు మెచ్చదగినది.

అయితే వాననీటిని లోనికి దింపు ఆ రాతిసందులే మురుగునీటిని కూడ దింపగలవు. “తాతలనాటి బావి, దీని నీరు ఎవరికేమి కీడు చేసినది?” అనువారు కలరు. తాతలనాడు లేని ఆపద యొకటి నేడు వచ్చినది. అదియే మందులకు లొంగని సూక్ష్మక్రిమి.

అలెగ్జాండర్ ఫ్లెమింగు 1928లో పెన్సిలిన్‌ను కనుగొనెను. చాలీచాలని మోతాదులో వాడినచో క్రిములు ఆ మందునకు లొంగకుండ పోవునని 1945లో నోబెల్ ఉపన్యాసమున ఆయనయే హెచ్చరించెను. నేడు జరుగుచున్నది అదియే. విరేచనములు పట్టగానే వైద్యుని అడుగకయే మందు కొనుట, రెండు దినములు మ్రింగి మానుట మన ఊళ్లలో మామూలైనది.

నీటిలోనే ఈ జాడలు కనబడినవి. మంజీర పరీవాహకమున, మనకు దిగువనున్న పటాన్‌చెరులో, సుమారు 90 మందుల పరిశ్రమల మురుగును శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ప్రకటింపబడినది. ఢిల్లీలో 50 కుళాయినీటి నమూనాలను పరీక్షింపగా, రెండింటిలో ఎన్‌డిఎం-1 అను జన్యువు కనబడినట్లు 2011లో వెల్లడియైనది. మిక్కిలి బలమైన మందులను సైతము నిర్వీర్యము చేయు శక్తిని క్రిములకిచ్చునది ఆ జన్యువు. పటాన్‌చెరు నీరు ఎగువకు రాదు, నిజమే; కాని క్రిములు మనుష్యుల కడుపులలో కూడ ప్రయాణము చేయును.

సంతోషింపదగిన విషయమొకటి కలదు. మందునకు లొంగని క్రిమి సామాన్యముగా క్లోరినుకు లొంగును. మందు క్రిమిలోని ఏదో యొక కీలకమును పట్టి కొట్టును. క్లోరిను దాని దేహమును పలుచోట్ల ఒకేసారి దెబ్బతీయును. చచ్చిన క్రిముల జన్యువులు కొన్ని నీటిలో మిగులవచ్చును గనుక బావి చెంతకు మురుగు రాకుండ చూచుట మొదటి పని. నీరు బురదగా నున్నచో క్లోరిను సరిగా పనిచేయదు.

లెక్క సులభము. వేయి లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు రమారమి రెండున్నర గ్రాములు కావలెను. మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల నీటిలోతు గల గుండ్రని బావిలో సుమారు 14,000 లీటర్లుండును. దానికి 35 గ్రాములు. పొడిని బకెట్టులో కలిపి, సున్నము అడుగున పేరుకొనిన పిమ్మట, పైతేటను మాత్రమే బావిలో కలుపవలెను. గంట గడచిన తరువాత లీటరునకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియున్నదో లేదో పరీక్షింపవలెను. చాలనిచో మోతాదు పెంచవలెను. కరేజు వంటి పారునీటిని తొట్టిలో నిలిపి శుద్ధిచేయవలెను.

“వాసన వచ్చును, రుచి చెడును” అని కొందరందురు. కొద్దిపాటి వాసన శుద్ధి జరిగినదనుటకు గుర్తు. పాత బావులకు పూడిక తీయించి, సున్నము వేయించి, ఫలకము పెట్టుటతో ఉద్ధరణ పూర్తికాదు. పొడి వేసిన తేదీ, మిగిలిన క్లోరిను మోత బావివద్ద వ్రాసియుంచవలెనని మేము పంచాయతీలను కోరుచున్నాము.

మన విద్యార్థులు ఇంట తెలుగును, వీధిలో కన్నడమును, ఉర్దూను మాటలాడుదురు. ఈ లెక్కను మూడు భాషలలోను చెప్పగలవారు వారే. నీటివలన వచ్చు రోగమొకటి తప్పినచో ఒక మందు వాడుక తప్పును. అట్లు తప్పిన ప్రతి మోతాదు, నిజముగా ప్రాణము మీదికి వచ్చిన నాటికి మందునకు శక్తి మిగుల్చును.