సరదా కోడికి డాక్టరు, బతుకు కోడికి దేవుడే దిక్కు

హైదరాబాద్ పక్కన మొయినాబాద్, శంకర్‌పల్లి దారుల్లో ఫాంహౌసులు చూసే ఉంటారు. గేటు లోపల పచ్చిక, ఓ మూల రంగులేసిన కోళ్ల గూడు. ఆదివారం కారు దిగిన పిల్లలు గుడ్లు ఏరుకుంటారు. వాళ్ల సరదా వాళ్లది, దానితో మనకు తగువు లేదు. మన తగువల్లా ఆ సరదాను చూపించి "మీరూ పెరట్లో కోళ్లు పెంచండి, ఆదాయం పెరుగుతుంది" అని మనకు నీతులు చెప్పే పెద్దలతోనే.

కోళ్లు పెంచడం మనకు ఒకరు నేర్పాలా? గంప కింద పొదగేసి, పిల్లల్ని గద్ద నుంచి, ముంగిస నుంచి కాపాడుకొస్తున్నది మన ఇళ్లలోని ఆడవాళ్లే. పత్తి డబ్బు అప్పులవాడికి పోతుంది. వడ్ల డబ్బు ఎరువుల కొట్టుకు పోతుంది. కోడి అమ్మిన డబ్బు ఒక్కటే ఇల్లాలి కొంగున ముడిపడుతుంది. పిల్లల నోటు పుస్తకాలు, జ్వరానికి మందు బిళ్లలు అందులోంచే. కౌలు రైతుకు, భూమి లేని కూలీకి ఇదే బ్యాంకు.

ఈ బ్యాంకు ఎన్నోసార్లు ఎండాకాలంలో దివాలా తీస్తోంది. కొక్కెర తెగులు సోకితే రెట్ట పచ్చగా పడుతుంది, మెడ మెలితిరుగుతుంది, నాలుగైదు రోజుల్లో గూడు ఖాళీ. డాక్టర్లు రాణిఖెత్ అనే ఈ జబ్బు మన దేశంలో బయటపడి వందేళ్లు కావస్తోంది. టీకా ఉంది, ఖరీదూ తక్కువే. పిల్లకు ఏడో రోజున కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద సూది. మరి మన కోళ్లు ఎందుకు చస్తున్నాయి?

ఎందుకంటే టీకా సీసా వంద డోసులో, అంతకు మించో ఉంటుంది. ఐసులో పెట్టి తేవాలి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు ఆ సీసాతో ఏం చేస్తుంది? ఫాంహౌసు యజమాని డాక్టరును పిలిపించుకుంటాడు, మిగిలిన మందు పారబోసినా ఆయనకు లెక్కలేదు. పైగా పగలు పదింటికి సిబ్బంది ఊళ్లోకొస్తే కోళ్లు పెంటల మీద, చేల గట్ల మీద తిరుగుతుంటాయి. తెల్లారకముందో, మాపటేళ గూటికి చేరాకో రావాలి. ఆఫీసు వేళలు కోడికి తెలియవు!

2019 పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్ల కోళ్లు, బాతుల వంటి పెంపుడు పక్షులుంటే, అందులో దాదాపు 31 కోట్ల 70 లక్షలు పెరటివే. 2012 లెక్కతో పోలిస్తే ఇవి 45 శాతానికి పైగా పెరిగాయి. ఫారం పక్షులు పెరిగింది 4.5 శాతమే. మరి డబ్బు ఎటు పోతోంది? జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌లో గ్రామీణ కోళ్ల యూనిట్‌కు పెట్టుబడిలో సగం, 25 లక్షల దాకా రాయితీ ఇస్తారు. కానీ వెయ్యి తల్లికోళ్లతో మొదలుపెట్టాలి, మిగతా సగం బ్యాంకు అప్పో సొంత సొమ్మో చూపాలి. పేరు గ్రామీణం, అందేది ఆస్తి ఉన్నవాడికి.

"రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని ఇస్తున్నాం కదా" అంటారు. మంచి రకాలే. కానీ అవి నాటుకోడిలా పొదగవు. చచ్చిన ప్రతిసారీ మళ్లీ పిల్లల్ని కొనాల్సిందే. టీకా లేకుండా పిల్లల్ని పంచడం కన్నం పడ్డ కుండలో నీళ్లు పోయడమే.

అందుకే మన డిమాండ్లు ఇవి. సంక్రాంతి దాటగానే, ఎండలు ముదరకముందే ప్రతి ఊళ్లో ఉచితంగా టీకాలు వేయాలి. ఆ పని ఉదయం, సాయంత్రం వేళల్లోనే జరగాలి. ఊరికొక మహిళకు శిక్షణ, ఐసు పెట్టె, వేతనం ఇవ్వాలి. ఐదు కోళ్లున్న ఇల్లాలినీ రైతుగా లెక్కించాలి.

గ్రామ కమిటీలు కూడా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఇంటింటికీ తిరిగి కోళ్ల జాబితా రాయండి. దాన్ని పట్టుకుని ఆడవాళ్లను ముందు నిలబెట్టి పశువుల ఆసుపత్రికి వెళ్లండి. ఒక ఇంట్లో వంద కోళ్లు ఉండకపోవచ్చు, ఒక వీధిలో ఉంటాయి. సీసా విప్పించడానికి అంత చాలు.