పిన్ను ఒకటైతే చాలు, భాష ఒకటి కానక్కరలేదు

రాష్ట్రానికి ఒకే భాష ఉండాలని వాదించేవారికి ఈ మధ్య ఒక కొత్త ఉపమానం దొరికింది. "ఫోన్లన్నిటికీ ఒకే ఛార్జరు వచ్చింది కదా, ఎంత సుఖంగా ఉంది! బడికీ కచేరీకీ కూడా ఒకే భాష ఉంటే అంతే సుఖం కాదా?" అని వారి ప్రశ్న. సభలలోనూ కోర్టు ఆవరణలలోనూ ఈ మాట నేను విన్నాను. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ ఛార్జరు వెనుక ఉన్న చట్టాన్ని చదివినవారు ఈ మాట అనలేరు.

మొదట పిన్నుల కథ చూద్దాం. 1990ల నాటి కంప్యూటరు వెనుక భాగం గుర్తున్నవారికి ఆ అవస్థ తెలుసు. కీబోర్డుకూ మౌసుకూ గుండ్రని చిన్న పోర్టులు రెండు. ఐబిఎం సంస్థ 1987లో తెచ్చిన ఈ పిఎస్/2 పోర్టులు ఆకారంలో కవలలే. అందుకే తరువాత కీబోర్డుకు ఊదా రంగు, మౌసుకు ఆకుపచ్చ రంగు వేయవలసి వచ్చింది. ప్రింటరుకు 25 పిన్నుల పోర్టు, మోడెముకు 9 పిన్నుల పోర్టు, తెరకు 15 పిన్నుల విజిఎ పోర్టు. ఒకదాని కేబులు మరొకదానికి పనికిరాదు.

ఈ చిక్కు తీర్చడానికి ఏడు సంస్థలు కలిసి 1996లో యుఎస్‌బి ప్రమాణాన్ని వెలువరించాయి. దాని రూపకల్పనలో ముఖ్యుడు ఇంటెల్ సంస్థలో పనిచేసిన, బరోడాలో చదువుకొన్న అజయ్ భట్. తొలినాటి యుఎస్‌బి కేబులులో నాలుగే తీగలు: రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. ఆ నాలుగు తీగలతోనే కీబోర్డు, మౌసు, ప్రింటరు అన్నీ ఒకే రకం పోర్టులోకి వచ్చాయి.

ఫోన్ల సంగతి మాత్రం అంత త్వరగా తెమలలేదు. లావు పిన్ను, సన్న పిన్ను అంటూ పొరుగింటి ఛార్జరు కోసం తిరిగిన రోజులు మనమెవరమూ మరువలేదు. 2009 నాటికి 30 రకాల ఛార్జర్లు ఉండేవని యూరోపియన్ కమిషన్ లెక్క. ఆ ఏడాది కమిషన్ ప్రోద్బలంతో ప్రధాన తయారీదారులు ఒక ఒప్పందం చేసుకొని మైక్రో యుఎస్‌బికి సమ్మతించారు. కాని అది స్వచ్ఛందం. నడుమ అడాప్టరు పెట్టుకొంటే సొంత పిన్ను కొనసాగించవచ్చుననే వెసులుబాటు అందులోనే ఉంది. 2012లో యాపిల్ సంస్థ తనదైన లైట్నింగ్ పిన్నును తెచ్చింది. 24 పిన్నులతో, ఎటు తిప్పి పెట్టినా పట్టే టైప్-సి ప్రమాణం 2014లో వచ్చినా, అందరినీ అందులోకి తేవడానికి సంస్థల సౌజన్యం చాలలేదు. 2022లో యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లు, టాబ్లెట్లు మొదలైనవాటికి, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకు టైప్-సి తప్పనిసరి అయింది. గడువుకు ముందే, 2023లో, ఐఫోన్ 15 టైప్-సితో వచ్చింది.

ఉపమానం చెప్పేవారు ఇక్కడితో ఆగిపోతారు. నేను ఆగదలచుకోలేదు. 2022 నాటి ఆదేశం సవరించినది 2014 నాటి రేడియో పరికరాల ఆదేశాన్ని. పరికరంతో ఇచ్చే సూచనలూ భద్రతా సమాచారమూ వినియోగదారులకు సులభంగా అర్థమయ్యే భాషలో ఉండాలనీ, అది ఏ భాషో ఆయా సభ్యదేశం నిర్ణయించాలనీ అందులో స్పష్టంగా ఉంది. ఛార్జరు ఆదేశాన్ని సైతం ఆ యూనియన్ తన 24 అధికార భాషలలోనూ ప్రకటించింది. పిన్నును ఏకం చేసిన చట్టమే భాషను ఏకం చేయడానికి నిరాకరించింది. కారణం సులభం. పిన్నుల పెక్కుదనం సంస్థలకు లాభం, కొనేవాడికి భారం. భాషల పెక్కుదనం అటువంటిది కాదు. భాష కొనేవాడి సొత్తు. బలవంతుణ్ణి కట్టడి చేసి చిన్నవాణ్ణి కాపాడడమే ఆ రెండు నిబంధనల ఉద్దేశం. చిన్నవాడి భాషను తీసివేయడానికి ఆ చట్టాన్నే సాక్ష్యంగా తేవడం న్యాయం కాదు.

మరి మన దేశంలో? భారత ప్రమాణాల సంస్థ టైప్-సికి ప్రమాణాన్ని ప్రకటించినట్లు కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో తెలిపింది. సంతోషం. భాష మాటకు వస్తే, 2011 నాటి ప్యాకేజి సరకుల నియమాల ప్రకారం ప్యాకెట్టు మీద తప్పక ముద్రించవలసిన వివరాలు దేవనాగరి లిపిలో హిందీలోగాని, ఇంగ్లీషులోగాని ఉండాలి. వాటికి అదనంగా మరే భాషలోనైనా వేసుకోవచ్చు. అంటే తెలుగు వేయకూడదని లేదు. వేసి తీరాలనీ లేదు. ఆంధ్రలోనే ఇదీ స్థితి అయినప్పుడు హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, సిరొంచలో తెలుగు ఇంటి సంగతి వేరే చెప్పాలా?

ఇది ఉత్త అభిమానపు మాట కాదు. టైప్-సి కేబుళ్ళన్నీ చూపుకు ఒక్కటే, పనిలో ఒక్కటి కావు. కొన్ని 60 వాట్ల వరకే మోయగలవు. లోపల ప్రత్యేకమైన చిన్న చిప్పు ఉన్నవి 240 వాట్ల దాకా మోయగలవు. కొన్ని తెరకు బొమ్మను పంపగలవు, కొన్ని పంపలేవు. ఆకారం చూసి పోల్చుకొనే రోజులు పోయాయి. నేడు తేడా అంతా అక్షరాలలో ఉంది. ఆ అక్షరాలు చదవలేని తల్లి, పిల్లవాడి చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్‌కు చాలని కేబులు తెచ్చుకొని, యంత్రమే చెడిందనుకొంటుంది. సరకు ప్రమాణమేమిటో తెలుసుకొనే హక్కును 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ఆమెకు ఇచ్చింది. అర్థంకాని భాషలో తెలిపితే తెలిపినట్లవుతుందా?

పిన్నుల చరిత్ర మన ఉద్యమానికి నేర్పే పాఠం ఒక్కటే. 2009 నాటి మంచిమాట సాధించలేనిది 2022 నాటి చట్టం సాధించింది. కనుక మనం కూడా సంస్థల దయను కాక నియమాన్నే అడగాలి. తెలుగువారు చెప్పుకోదగినంతగా ఉన్న జిల్లాలలో అమ్మే విద్యుత్ పరికరాలతో తెలుగు సూచనల పత్రం ఇవ్వాలని ప్యాకేజి సరకుల నియమాలను పర్యవేక్షించే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు రాద్దాం. యూనియన్‌లోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం చేసుకొనే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. కనుక ఆ ఉత్తరాన్ని తెలుగులోనే రాయండి. ఇంటికొక ఉత్తరం చొప్పున ఈ నెలలోనే రాయండి.