ప్రసాదమంటే ప్రశ్నించకూడదా?

మృగశిర కార్తె నాడు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు తీరిన జనాన్ని చూసినవాళ్ళకి తెలుసు, వాళ్ళు వేడుక చూడటానికి వచ్చినవాళ్ళు కాదు. ఆయాసంతో ఎగపోస్తున్న బిడ్డను చంకనేసుకుని, పక్క రాష్ట్రాల నుంచి రైలెక్కి వచ్చిన తల్లులు ఉంటారక్కడ. బతికున్న కొర్రమేను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి రోగి గొంతులోకి జారవిడుస్తారు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి ఈ రహస్యం చెప్పాడని బత్తిని కుటుంబం అంటుంది. డబ్బు తీసుకోరు. కోవిడ్ వల్ల మూడేళ్ళు ఆగిన ఈ పంపిణీ 2023లో మళ్ళీ మొదలైంది.

ఒకప్పుడు దీన్ని చేపమందు అనేవారు. విమర్శలు, కోర్టు వివాదాలు వచ్చాక చేప ప్రసాదం అయింది. మనం ఆలోచించవలసింది ఈ పేరు మార్పు గురించే. మందు అన్నాక అందులో ఏముందో చెప్పాలి. ఎంతమందికిచ్చారో, ఎంతమందికి తగ్గిందో, తగ్గనివాళ్ళేమయ్యారో లెక్క చూపించాలి. ప్రసాదానికి ఆ బాధ్యత లేదు, కళ్ళకద్దుకుని మింగటమే. తగ్గకపోతే పథ్యం సరిగ్గా చెయ్యలేదనో, వరుసగా మూడేళ్ళు రాలేదనో అంటారు. అంటే తప్పు ఎప్పుడూ రోగిదే. బిడ్డకయితే తల్లిదే. ప్రసాదం మీది నమ్మకంతో ఇన్‌హేలర్ మానిపిస్తే ఉబ్బసం ప్రాణం తీస్తుందన్న సంగతి ఆ తల్లికి ఎవరు చెప్పాలి?

ఎవరి భక్తినీ వెక్కిరించటం మన ఉద్దేశం కాదు. బోనం ఎత్తేవాళ్ళూ, శుక్రవారం ఉపవాసం ఉండేవాళ్ళూ మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్ళు పోరాటంలో ఎవరికీ తీసిపోలేదు. దేవుణ్ణి నమ్మటం వేరు, దేవుడి పేరు చెప్పి అమ్మేవాణ్ణి నమ్మటం వేరు.

ఆ కుటుంబం డబ్బు తీసుకోదు సరే, తీసుకునేవాళ్ళు కోకొల్లలు. పొద్దున్నే టీవీలో సుప్రభాతం, వెంటనే కవచం, యంత్రం, మోకాళ్ళ నొప్పుల నూనె. వీటిని అడ్డుకోవటానికి 1954లోనే ఒక చట్టం వచ్చింది, ఔషధాలు, మంత్రమహిమల మందుల ప్రకటనల మీద. తాయెత్తు, మంత్రం, కవచం కూడా దాని కిందికే వస్తాయి. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకూ జైలు. దాని షెడ్యూల్లో 54 జబ్బులూ, శరీర స్థితులూ ఉన్నాయి. ఒకసారి చదివి చూడండి: బహిష్టు దోషాలు, గర్భాశయ వ్యాధులు, మొత్తంగా స్త్రీల వ్యాధులు, చివరికి రొమ్ముల ఆకృతి. సంతానలేమి ‘స్త్రీలలో’ అని మాత్రమే రాశారు, అది మగవాళ్ళకి ఉండదన్నట్టు! చట్టానికీ ఆ చూపే ఉంది. కానీ వ్యాపారి కన్ను ఎక్కడ పడుతుందో ఆ జాబితా సరిగ్గానే పట్టుకుంది.

కొడుకు పుట్టే మందు సంగతే తీసుకోండి. బిడ్డ ఆడో మగో గర్భం నిలిచే క్షణంలోనే, తండ్రి వీర్యకణాన్ని బట్టి తేలిపోతుంది. రెండో నెలలో మింగిన పొడి దాన్ని మార్చలేదు. అయినా ఈ మందుకు సాక్షులు దొరుకుతూనే ఉంటారు, ఏ మందూ మింగకపోయినా సగంమందికి మగపిల్లలే పుడతారు కాబట్టి. ఆడపిల్లను కన్నవాళ్ళు సాక్ష్యం చెప్పటానికి రారు, ఇంట్లో మాటలు పడుతూ ఉంటారు.

2020 జూన్‌లో పతంజలి సంస్థ కరోనిల్‌ను కోవిడ్ మందుగా ప్రకటించింది. తాము అనుమతిచ్చింది రోగనిరోధక శక్తికీ, దగ్గు జ్వరాలకీ మాత్రమేనని ఉత్తరాఖండ్ అధికారులు చెప్పారు. ఆ సంస్థ ప్రకటనల మీద కేసు సుప్రీంకోర్టుకెక్కి, 2024 ఏప్రిల్‌లో పత్రికల్లో క్షమాపణ వేసుకోవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థ గనక కోర్టు దాకా వెళ్ళింది. మన బజారులో గోడమీద కాగితాన్ని ఎవరు అడుగుతారు?

అయితే తెల్లకోటు వేసుకున్న ప్రతివాడి మాటా శాస్త్రమేనా? లైనస్ పౌలింగ్ రసాయనశాస్త్రంలోనూ, శాంతికీ నోబెల్ బహుమతులు పొందిన మహానుభావుడు. అణుపరీక్షల మీద ఆయన పోరాటం మనకి గౌరవనీయం. కానీ విటమిన్ సి పెద్ద మోతాదుల్లో క్యాన్సర్‌కి మేలుచేస్తుందన్న ఆయన వాదన, 1979లో, 1985లో మేయో క్లినిక్ వెల్లడించిన పరీక్షల్లో నిలబడలేదు. అణువుల గురించి తెలిసినంత మాత్రాన రోగి గురించి తెలిసినట్టు కాదు. ఆయనకే తప్పని పరీక్ష, ప్రకటనలో స్టెతస్కోపు తగిలించుకున్న నటుడికి ఎందుకు ఉండకూడదు?

తన రంగంలోనే ఉన్న నిపుణుడైనా మనకి న్యాయం చేశాడా అంటే, తెల్లబట్ట అని వెళ్ళినామెను క్యాన్సరని భయపెట్టి గర్భసంచి తీసేసిన కథలు మన జిల్లాల్లో ఎన్ని వినలేదు! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పవలసి వచ్చింది. ఇంత జరిగాక మన స్త్రీలు పొడి డబ్బా వైపు తిరిగితే దాన్ని అజ్ఞానం అనటానికి మాకు నోరు రావటం లేదు. ఒకరు థైరాయిడ్ చూస్తారు, ఒకరు గర్భసంచి, ఒకరు మోకాలు. మనిషిని కూర్చోబెట్టి నీకేమిటమ్మా అని అడిగేది ఎవరు? ప్రకటనలోవాడు అడుగుతాడు. సర్వరోగాలకీ తనదగ్గరే మందుందంటాడు.

అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాళ్ళు మనకి కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త అటువంటివాళ్ళే. ఇది నా చేతిలో లేదు, ఫలానా చోటికి వెళ్ళు అని వాళ్ళు చెప్పగలరు. ప్రకటన ఆ మాట ఎన్నడూ చెప్పదు. ఆ డాక్టరు పోస్టులు ఖాళీగా ఉంచి, ఆశాలకి సరయిన జీతమివ్వకుండా మూఢనమ్మకాల మీద సదస్సులు పెడితే ఏం లాభం?

ఈలోగా మన గ్రూపులు ఒక పని చెయ్యవచ్చు. మీ ఊళ్ళో కనబడ్డ ప్రకటనను తేదీ, పత్రిక లేదా చానల్ పేరుతో సహా భద్రపరచండి. మందు కొన్నవాళ్ళుంటే రసీదు, సీసా దాచిపెట్టండి. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ 2024లో ఈ చట్టం కిందే చాలాచోట్ల మందులు స్వాధీనం చేసుకుంది. మీ ఫిర్యాదు నకలు ఒకటి మాకూ పంపండి, దాని మీద ఏం జరిగిందో వచ్చే సంచికల్లో రాస్తాం, ఏమీ జరగకపోతే అది కూడా.