ఏ కోర్సో చెప్పే దిక్కేది?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే జహీరాబాద్‌లోని ఇంటర్నెట్ కేంద్రాల ముందు పిల్లలు బారులు తీరుతారు. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు చాలావరకు ‘దోస్త్’ ద్వారానే జరుగుతున్నాయి. ఝరాసంగం, న్యాల్‌కల్, కోహీర్ మండలాల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన కూలీల బిడ్డ పక్కన ఆ వేళ ఉండేది కంప్యూటర్ నడిపే కుర్రాడు ఒక్కడే. మూడేళ్ల చదువునూ ఆ తర్వాతి బతుకునూ తేల్చే ‘వెబ్ ఆప్షన్లు’ చాలాసార్లు అతడే పెడతాడు. లేదంటే, అడ్మిషన్‌కు ఇంతని కమీషన్ తీసుకునే ప్రైవేటు కళాశాల మనిషి ఓటీపీ అడిగి తెలుసుకుని ఆ పని కానిచ్చేస్తాడు.

సీట్ల కేటాయింపును మనం ఏళ్ల తరబడి ‘కౌన్సెలింగ్’ అని పిలుస్తున్నాం. ర్యాంకు, రిజర్వేషన్ కేటగిరీ, సర్టిఫికెట్ల పరిశీలన, ఫీజు రసీదు అన్నీ అందులో ఉంటాయి. సలహా మాత్రం ఉండదు. రెండు మూడు తరాలుగా ఉద్యోగాల్లో ఉన్న పైకులాల కుటుంబాలకు ఈ లోటు కనిపించదు. పెదనాన్న లెక్చరరు, మేనమామ బ్యాంకు అధికారి, అక్క అమెరికాలో. ఏ సబ్జెక్టు చదివితే ఏ పీజీకి అర్హత వస్తుందో, ఏ పరీక్షకు ఏది పనికొస్తుందో ఆ ఇళ్లలో భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. ఆ మాటల్ని వారు సలహా అని కూడా అనుకోరు. కాలేజీ మెట్లెక్కిన తొలితరం మాదిగ, మాల, రజక, పేద ముస్లిం విద్యార్థికి ఇంట్లో ప్రేమ దొరుకుతుంది, త్యాగం దొరుకుతుంది, ఈ సమాచారం దొరకదు. కులం భూమిని పంచినట్టే దీన్నీ పంచింది. రిజర్వేషన్ సీటు ఇప్పిస్తుంది కానీ ఏ సీటు కోరుకోవాలో చెప్పదు.

పీజీ ఇంటర్వ్యూల్లో ‘ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నారు’ అని అడుగుతుంటాను. ‘అదే వచ్చింది సార్’ అంటారు ఎక్కువమంది. అది వినయం కాదు, జరిగిన సంగతే.

చదవాల్సిన విషయాన్ని కులం నిర్ణయించడం కొత్తేమీ కాదు. అంబేడ్కర్ పాఠశాలలో సంస్కృతం చదవాలనుకున్నారు. అంటరానివాడికి ఆ భాష నేర్పబోమన్నారు. పార్శీ తీసుకోవలసి వచ్చింది. అదే బాలుడికి కృష్ణాజీ అర్జున్ కేళూస్కర్ అనే ఉపాధ్యాయుడు పుస్తకాలిచ్చారు, బరోడా మహారాజు దృష్టికి తీసుకెళ్లారు. నెలకు 25 రూపాయల ఉపకార వేతనం వచ్చింది. 1912లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలతో బీఏ, మరుసటి ఏడాది కొలంబియా. అంతటి మేధావికి సైతం దారి తెలిసిన ఒక మనిషి అవసరమయ్యారు. ఇవాళ జహీరాబాద్ పిల్లలు కేళూస్కర్‌లాంటి వారు తారసపడతారేమోనని అదృష్టం మీద ఆధారపడాలా?

అయితే ఏ సలహా అయినా మేలే అనుకోలేం. ‘నీకెందుకమ్మా ఎంపీసీ, హెచ్‌ఈసీ తీసుకో, పాసైపోతావు’ అనే మాట దళిత, గిరిజన విద్యార్థులకు పదో తరగతి దాటగానే వినిపిస్తుంది. దయగా చెప్పినా అందులో కులం అంచనా ఉంది. ఇందుకు మరో రూపం కూడా ఉంది. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలు కాపాడారు, 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. ఆ తల్లుల బిడ్డకు ‘నువ్వు వ్యవసాయమే చదువు’ అని చెప్పడం కూడా సంకెలే. ఇంట్లో ఉన్న ఆ జ్ఞానానికి వృక్షశాస్త్రంలో, పోషకాహార శాస్త్రంలో, జర్నలిజంలో చోటుందని చెప్పి, గణితమో తత్వశాస్త్రమో కావాలంటే అదీ నీదేనని చెప్పగలగాలి.

ఇక్కడ మరో లెక్క ఉంది. ‘నిమ్జ్’ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేలకు పైగా ఎకరాలు ప్రతిపాదించారు. అసైన్డ్ భూముల్ని సాగుచేసుకునే దళిత కుటుంబాలూ అందులో ఉన్నాయి. వారికి చూపిన ఆశ ఉద్యోగాలే. ట్రాక్టర్ల కర్మాగారం పట్టణానికి వచ్చి దశాబ్దం దాటింది. గేటు లోపల ఏ పనికి ఏ చదువు కావాలో భూమి పోయే ఇంటి బిడ్డకు చెప్పకపోతే, ఆ బిడ్డకు మిగిలేది కాంట్రాక్టు కూలీయే.

తప్పుగా ఎంచుకున్నా దిద్దుకోవచ్చు కదా అంటారు. డబ్బున్నవారు దిద్దుకుంటారు. ఒక డిగ్రీ పూర్తిచేసి అదే స్థాయిలో మరొకటి చదివితే పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనం రాదు. కళాశాల లోపల కోర్సు మార్చుకునే ‘ఇంట్రా కాలేజ్’ విడత, పాఠం ఎలా ఉంటుందో తెలియకముందే ముగిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానంలోకి వెళ్లింది. మూడు సబ్జెక్టుల్లో ఒకటి నచ్చకపోయినా మిగతావి ఆదుకునే పాత వెసులుబాటు అక్కడ తగ్గిపోయింది. జాతీయ విద్యావిధానం విద్యార్థికి స్వేచ్ఛనిచ్చిందని చెబుతున్నవారు, ఆ స్వేచ్ఛను వాడుకునే తెలివిడి ఎవరి ఇంట్లో ఉందో చూడడం లేదు.

దోస్త్ హెల్ప్‌లైన్ కేంద్రాలు ఇప్పటికే ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఉన్నాయి. అవి ఆధార్ తప్పులు దిద్దడంతో ఆగిపోకూడదు. అక్కడ తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడే సలహాదారు కూర్చోవాలి. సరిహద్దు పట్టణం కాబట్టి కన్నడం వచ్చినవారుంటే మరీ మంచిది. ఆ మనిషికి అడ్మిషన్ల లక్ష్యం ఉండకూడదు. చేరికలు తగ్గితే కోర్సే ఎత్తేస్తారన్న భయంతో ఊళ్లు తిరిగే అధ్యాపకుడి చేత నిష్పాక్షిక సలహా చెప్పించలేం. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, ఆయన ఉద్యోగం దాని మీదే నిలిచి ఉంది. మొదటి సెమిస్టర్ ముగిశాక ఫీజు రీయింబర్స్‌మెంట్ పోకుండా కోర్సు మారే అవకాశం ఒక్కసారైనా ఇవ్వాలి. ఏ కోర్సులో ఏ కులాల పిల్లలు ఎందరు చేరారో, ఎందరు మధ్యలో ఆపేశారో ఉన్నత విద్యామండలి కళాశాలల వారీగా ఏటా ప్రకటించాలి. దరఖాస్తులో కులం గడి నింపనిదే దోస్త్ ముందుకు కదలదు. కాబట్టి ఆ వివరాలన్నీ మండలి చేతిలోనే ఉన్నాయి.