కొండదారిలో చెరువుగట్లు

విహారయాత్ర అనగానే తిరుపతి, చిత్తూరు ప్రాంతాల దంపతులకు ముందుగా స్ఫురించేవి ఊటీ, కొడైకెనాల్, ఏర్కాడు. అక్కడ కొండ ఉంది, కొండమీద సరస్సు ఉంది, సరస్సులో పడవ ఉంది. సెలవులు కుదరగానే అటు పయనం కట్టడం ఆనవాయితీ అయింది. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే ఊటీ సరస్సు ప్రకృతి ప్రసాదించినది కాదు. కోయంబత్తూరు కలెక్టరుగా ఉన్న జాన్ సలివాన్ 1820 దశకంలో వాగులకు అడ్డుకట్ట వేయించి కట్టించిన చెరువది. ఒక చెరువును చూడడానికి అంత దూరం పోయేవారు, తమ ఇంటి ముంగిటి చెరువులను తిరిగి చూడకుండానే దాటిపోతున్నారు.

తిరుపతి నుండి కారులో రెండు రోజుల ప్రయాణానికి బయలుదేరిన ఒక జంటను ఊహించుకోవచ్చు. గమ్యం హార్సిలీహిల్స్. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఈ దారి మొత్తం చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు అది జిల్లాల హద్దులు దాటుతూ సాగుతుంది. వాగులకూ వంకలకూ ఆ హద్దులతో పనిలేదు.

విజయనగర ప్రభువుల చివరి రాజధానుల్లో ఒకటైన చంద్రగిరి దాటిన కొద్దిసేపటికే కల్యాణి డ్యాం వస్తుంది. శేషాచల అడవుల్లో కురిసిన వాన వాగులై దిగివచ్చి ఇక్కడ నిలుస్తుంది. తిరుమలకూ తిరుపతికీ తాగునీరిచ్చే జలాశయమిది. చాలామంది ఇక్కడ ఆగి ఫొటో తీసుకొంటారు. ఆ నీరు ఎక్కడికి పోతుందని అడిగేవారు అరుదు. ఆ తరువాత భాకరాపేట ఘాట్ మొదలవుతుంది. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న ఒక బస్సు ఈ మలుపుల్లోనే లోయలో పడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ప్రకృతి సౌందర్యాన్ని ఆస్వాదించడానికి వచ్చినవారు దానిని గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో ఎందుకు ఆస్వాదించాలో అర్థం కాదు.

ఘాట్ ఎక్కాక పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లె వరకు నేల క్రమంగా ఎత్తవుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన ఉంది. ఈ ఎత్తుసీమలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఆ లోటును పూర్వులు చెరువులతో పూరించారు. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీరు దిగువ చెరువును చేరేటట్లు గొలుసుగా కట్టారు. కట్ట, తూము, మరవ, వంక అనే నాలుగింటిలో ఏ ఒక్కటి చెడినా చెరువు చెడినట్లే. వంకలో ఇల్లు లేస్తే చెరువుకు నీరు రాదు. మరవకు అడ్డం పడితే వచ్చిన నీరు పోదు.

"ఏమండీ, ఈ చెరువు పేరేమిటి?" అని భార్య అడుగుతుంది. భర్త సెల్‌ఫోన్‌లో పటం తీసి చూస్తాడు. అక్కడ నీలిరంగు మరక ఉంది గాని, పేరు లేదు. గట్టుమీద గొర్రెలు మేపుకొంటున్న ముసలాయనను అడిగితే, "పేరెందుకు తల్లీ, ఊరి చెరువంటే ఇదే. మరవ పోయి నాలుగేండ్లయింది" అంటాడు. యాత్రికుడు చూసేది నీటి అందాన్ని. రైతు చూసేది నీటి మట్టాన్ని.

మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలోనే 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించాడు. ఆగి చూడదగిన చోటు. జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన ఊరు కూడా ఇదే. ఆయన ఆశయంతో వెలసిన రిషివ్యాలీ పాఠశాల, చుట్టూ ఉన్న బోడికొండలపై చెట్లు పెంచి, వాననీటిని నిలిపి, పక్షులకు ఆవాసం కల్పించింది. ఈ నేల పచ్చబడదని నిట్టూర్చేవారికి వేరే జవాబు అక్కరలేదు.

హార్సిలీహిల్స్ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పంతొమ్మిదవ శతాబ్దంలో కడప కలెక్టరు హార్సిలీ ఇక్కడ ఇల్లు కట్టుకొన్నందున ఆయన పేరు నిలిచింది. ఏనుగులు పోషించాయని చెప్పే మల్లమ్మ కథ వెనుకబడింది. నాలుగువేల అడుగులకు పైనున్న గాలిబండ మీద నిలబడితే, దిగువన చెరువులు అద్దపు ముక్కల వలె మెరుస్తాయి. కాళ్ళ దగ్గర మెరిసేవి మాత్రం తరచుగా నిజమైన గాజుపెంకులే. చల్లగాలి కోసం వచ్చిన చదువుకొన్నవారు వదిలి వెళ్ళిన సీసాలవి.

తిరుగు ప్రయాణం పుంగనూరు, పలమనేరు మీదుగా. 1980 దశకంలో పొరుగు రాష్ట్రాల అడవుల నుండి ఏనుగులు ఈ ప్రాంతానికి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అవి నేటికీ నీటికోసం, మేతకోసం ఊళ్ళమీదికి వస్తూనే ఉన్నాయి. మొగిలి ఘాట్ దిగితే చిత్తూరు.

చెరువుల వద్ద పడవలు, విడిదిగృహాలు ఏర్పరిస్తే ఈ కరవుసీమలో నలుగురికి ఉపాధి దొరుకుతుందని కొందరి వాదం. అది కొట్టివేయదగినది కాదు. అయితే నీరు పరచుకొనే చోటును పూడ్చి సిమెంటు బాటలు వేయడం అభివృద్ధి కాజాలదు. తిరుపతి సమీపాన రెండు గుట్టల నడుమ ఉన్న రాయలచెరువు కట్టమీద నిలబడితే ఈ మాట బోధపడుతుంది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకొనే ఈ చెరువు, 2021 నవంబరు వానలకు నిండి, కట్టకు లీకు ఏర్పడింది. దిగువ గ్రామాల ప్రజలను ఇళ్ళు ఖాళీ చేయించవలసి వచ్చింది. కట్టకు మరమ్మతు జరిగేదాకా వారికి నిద్రలేదు. ఆ రోజుల్లోనే తిరుపతి వీధులూ నీట మునిగాయి.

కట్టకు ఒక వైపు నీరు, మరొక వైపు ఊళ్ళు. ఆ జంట చాలాసేపు అక్కడే నిలబడుతుంది. పడవ సంగతి ఇద్దరూ ఎత్తరు. కారు తిరుపతి చేరేసరికి చీకటి పడుతుంది. వంటింట్లో కొళాయి తిప్పినప్పుడు, ఈ నీటిలో కల్యాణి డ్యాం పాలు ఎంత, తెలుగుగంగ పాలు ఎంత అని ఆమె అడుగుతుంది. పెళ్ళయినప్పటినుండి ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది.