ముందు నారుమడి, తర్వాతే నాట్లు

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్ గారిది మన బుక్కాపురమేనని 2014 నుంచి మనం చెప్పుకోని సభ లేదు. చెప్పుకోవడం తప్పు కాదు. కానీ పేరు చెప్పుకున్నంత మాత్రాన చేన్లో శెనక్కాయ పండదు కదా! అందుకని ఆ గర్వాన్ని కాసేపు పక్కనబెట్టి, విద్యార్థి మిత్రులకు మరొక తెలుగు ఇంజనీరు సంగతి చెప్పదలచుకున్నాను. ఆయన బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి గారు.

కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివి, 1974లో కాన్పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్. ముగించారాయన. ఆ పైన అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలోనూ చదివారు. సొంతంగా ఒక సంస్థ పెట్టాలన్న కోరిక కాన్పూర్ నాటిదే. కానీ పెట్టింది 1991లో, హైదరాబాదులో, ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ అన్న పేరుతో. మధ్యలో 17 ఏళ్లు! చదువు పోను మిగిలిన కాలమంతా ఇతరుల సంస్థల్లో ఉద్యోగం. సరుకు ఎట్లా తయారవుతుంది, ఎట్లా అమ్ముడుపోతుంది, సంస్థ ఎట్లా నడుస్తుంది అన్నవి ఒక్కొక్కటిగా నేర్చుకున్న కాలం అది. మొదట కాగితాల మీది ఇంజనీరింగ్ డ్రాయింగులను, పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఆ సంస్థ, తర్వాత విమాన ఇంజన్లు చేసే ప్రాట్ అండ్ విట్నీ వంటి వారికి పనిచేసే స్థాయికి పెరిగింది. 2014లో సయెంట్ అని పేరు మార్చుకుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈనాడు ఏ కాలేజీ సభలో చూసినా ఒకటే ఉపన్యాసం: "ఉద్యోగం అడిగేవాడివి కావద్దు, ఇచ్చేవాడివి కా!" వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే మన జిల్లాలో, ఆ వానా తప్పితే బ్యాంకు అప్పు వడ్డీ కట్టలేని ఇంటినుంచి వచ్చిన కుర్రవాడికి మొదటి జీతమంటే ఏమిటో ఆ ఉపన్యాసకుడికి తెలుసునా? వానిని పిరికివాడనే హక్కు ఎవరికీ లేదు. ఉద్యోగం దాస్యం కాదు, నారుమడి. చెరువు కింద వరి పెట్టే ఏ రైతునడిగినా చెబుతాడు, నారు పోయకుండా నాట్లు వెయ్యరని.

అయితే రైతు ఇంకొక మాట కూడా చెబుతాడు. నారు ముదిరితే పంట తగ్గుతుంది. బెంగుళూరు మనకు రెండువందల కిలోమీటర్ల దూరమే. అక్కడ జీతం, ఫ్లాటు, నెలసరి వాయిదాలు మొదలైనాక కోరిక చల్లారిపోవడం ఎంతసేపు? మోహన్‌రెడ్డి గారి 17 ఏళ్లలో నాకు నచ్చింది ఓపిక ఒక్కటే కాదు. అంతకాలం కోరికను చావనివ్వకపోవడం.

రెండవ పాఠం లెక్కలు. అదే హైదరాబాదులో 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ ఒకప్పుడు ఇన్ఫోటెక్ కంటే ఎంతో పెద్దది. 2009 జనవరి 7న దాని అధిపతే లేఖ రాసి, చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకున్నాడు. వేలాది ఇంజనీర్ల తెలివితేటలు ఆ సంస్థను సొంతకాళ్ల మీద నిలబెట్టలేకపోయాయి. మరొక సంస్థ కొనుక్కోవలసి వచ్చింది. మనం మాత్రం నాలుగేళ్లూ యంత్రాలు, సర్క్యూట్లు నేర్పి, ఆస్తి అప్పుల పట్టీ చదవడం రాని పట్టభద్రుణ్ణి బయటికి పంపుతున్నాం. ఇదేం న్యాయం?

కాబట్టి విద్యార్థి సంఘానికి, పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒకటే. సన్మానాలకూ శాలువాలకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గించండి. ఏటా ఒక వారం, సంస్థలు నడిపినవారిని, నడపలేక మూసుకున్నవారిని కూడా పిలిచి, నిజమైన లెక్కల పుస్తకాలు ముందుపెట్టి మూడో సంవత్సరం పిల్లలకు చెప్పించండి. బెంగుళూరులో స్థిరపడినవారు తమ పనిలో ఒక చిన్న ముక్కనైనా ఇక్కడి పిల్లల చేత చేయించండి.

మన కాలేజీ కూడా 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో గదా అనంతపురం చేరింది! రెండేళ్లు పరాయి మడిలో పెరిగిన నారే ఇది. ఈ ఎర్రనేలలో వేరూనింది. మన పిల్లలు పెట్టబోయే సంస్థలు మాత్రం ఎందుకు ఊనవు?